మెజారిటీ ఎవరి మీద, దేనిలో?

తెలుగు ఎన్నికల వార్తల్లో తరచుగా కనిపించే ఇంగ్లిష్ మాటల్లో 'మెజారిటీ' ముందువరుసలో ఉంటుంది. ఫలానా అభ్యర్థి ఇన్ని వేల ఓట్ల మెజారిటీతో గెలుపొందారని, ఫలానా పార్టీకి శాసనసభలో స్పష్టమైన మెజారిటీ దక్కిందని, మెజారిటీ ప్రజలు ఫలానా నాయకుణ్ణే కోరుకున్నారని మూడు వాక్యాలు ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చవుతుంటాయి గానీ, ఆ మూడు చోట్లా ఆ మాట చెబుతున్నది ఒకే సంగతి కాదు. మొదటి వాక్యంలో అది గెలిచిన అభ్యర్థికీ రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికీ నడుమ ఉన్న తేడా. రెండో వాక్యంలో అది మొత్తంలో సగానికి మించిన సంఖ్య. మూడో వాక్యంలో చాలాసార్లు ఈ రెండూ కాక, మిగతావారికంటే ఎక్కువ అన్న వదులైన భావం మాత్రమే. రాసేవారు ఒక అర్థంతో రాయగా చదివేవారు మరో అర్థంతో గ్రహించే ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. నెల్లూరు జిల్లా పడమటి భాగంలో వెలిగొండల వైపున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల ఎన్నికల చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ మాట ఎక్కడ సరిగ్గా పనిచేస్తుందో, ఎక్కడ చదువరిని దారి తప్పిస్తుందో స్పష్టంగా తెలుస్తుంది.

ఓట్ల తేడాను మెజారిటీ అనడం తప్పని, ఆ మాటకు సగానికి మించినది అన్న అర్థమొక్కటే ఉందని వాదించే పండితులు ఉన్నారు. ఈ అభ్యంతరం పూర్తిగా నిలిచేది కాదు. బ్రిటన్‌లో వాడే ఇంగ్లిష్‌లో గెలిచినవారికీ తరువాతివారికీ ఉన్న ఓట్ల తేడాను మెజారిటీ అనడం చాలాకాలంగా ఉన్న వాడుకే. అక్కడి పార్లమెంటు ఎన్నికల ఫలితాల్లో ప్రతి స్థానం ఎదుటా ఆ పేరుతోనే ఆ అంకె ఉంటుంది. అమెరికాలో మాత్రం ఆ తేడాను 'మార్జిన్' అని, సగం దాటకపోయినా అందరికంటే ఎక్కువ ఓట్లు రావడాన్ని 'ప్లూరాలిటీ' అని, సగం దాటడాన్ని 'మెజారిటీ' అని విడివిడిగా పిలుస్తారు. భారతదేశానికి ఎన్నికల పద్ధతితోపాటు దాని పదజాలం కూడా బ్రిటన్ నుంచే వచ్చింది కాబట్టి, మర్రిపాడులోనో సీతారామపురంలోనో ఒక కార్యకర్త తమ మండలంలో ఇంత మెజారిటీ తెచ్చామని చెప్పుకుంటే అది వారసత్వంగా వచ్చిన వాడుకే తప్ప అజ్ఞానం కాదు. అసలు చిక్కు ఒకే మాటకు ఉన్న రెండు మూడు అర్థాల మధ్య గీత గీయకుండా రాయడంలో ఉంది.

చట్టం ఏం చెబుతుందో ముందుగా గమనించాలి. శాసనసభకు గానీ లోక్‌సభకు గానీ ఎన్నిక కావడానికి అభ్యర్థికి సగానికి మించిన ఓట్లు రావాలన్న నియమం భారతదేశంలో లేదు. ఎన్నికల నిర్వహణకు 1961లో రూపొందిన నియమావళి ప్రకారం చెల్లిన ఓట్లలో అత్యధికం ఎవరికి వస్తే వారే ఎన్నికైనట్టు రిటర్నింగ్ అధికారి, అంటే ఆ నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహణ బాధ్యత వహించే అధికారి, ప్రకటిస్తారు. పదిమంది పోటీ చేసి ఓట్లు చీలిపోయినప్పుడు నూటికి ముప్పై ఓట్లు తెచ్చుకున్నవారు కూడా శాసనసభ్యులు కావచ్చు. ఇద్దరికి సమానంగా ఓట్లు వస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం చీటీ తీస్తారు. చీటీలో పేరు వచ్చినవారికి ఒక ఓటు అదనంగా పడినట్టు చట్టం భావిస్తుంది. ఎవరూ వేయని ఆ ఓటుతో ఒక్క ఓటు తేడా పుట్టుకొస్తుందన్నమాట. చట్టానికి కావలసింది ఎవరు ముందున్నారన్నదే. ఎంత ముందున్నారన్న ఆసక్తి పత్రికలదీ పార్టీలదీ ఊరి అరుగులదీ.

ఆసక్తి ఉండటంలో దోషం లేదు. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలవడం, 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానం 25 ఓట్ల తేడాతో తేలడం తెలుగు ఓటరు ఒక్కో ఓటు విలువను గుర్తుంచుకోవడానికి ఉపయోగపడిన సంగతులే. కానీ తేడా అన్నది ఇద్దరి బలాబలాల నుంచి పుడుతుంది. గెలిచినవారి బలం పెరిగినా అది పెరుగుతుంది, ఎదుటివారి బలం తగ్గినా పెరుగుతుంది, ఎదుటివారు అసలు బరిలోనే లేకపోతే మరీ పెరుగుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగిందో ఆ ఒక్క అంకె చెప్పదు. ఆత్మకూరులో 2014 నుంచి 2024 వరకు జరిగిన నాలుగు ఎన్నికలు దీనికి చక్కని ఉదాహరణ.

2014లో ఆత్మకూరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ అభ్యర్థి మేకపాటి గౌతమ్‌రెడ్డి 91,686 ఓట్లు సాధించి, తెలుగుదేశం అభ్యర్థిపై 31,412 ఓట్ల తేడాతో గెలిచారు. 2019లో ఆయనకు 92,758 ఓట్లు వచ్చాయి, అంటే ముందుకంటే వెయ్యికి పైగా ఎక్కువే. అయినా తెలుగుదేశం అభ్యర్థి బొల్లినేని కృష్ణయ్యకు 70,482 ఓట్లు రావడంతో తేడా 22,276కు తగ్గింది. ఆ ఎన్నికను గురించి గౌతమ్‌రెడ్డి మెజారిటీ తొమ్మిది వేలు పడిపోయిందని రాస్తే అంకెల ప్రకారం అది నిజమే, కానీ ఆయనకు మద్దతు తగ్గిందని చదువరి అనుకుంటే అది అబద్ధం. వాక్యంలో తప్పు లేకుండానే భావంలో తప్పు దొర్లే తీరు ఇది.

రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రిగా ఉండగా గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న ఆకస్మికంగా మరణించడంతో ఆత్మకూరుకు ఉపఎన్నిక అవసరమైంది. ఆ ఏడాది జూన్ 23న పోలింగ్ జరిగింది, 26న ఓట్లు లెక్కించారు. వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఆయన తమ్ముడు మేకపాటి విక్రమ్‌రెడ్డి పోటీ చేయగా, మరణించిన సభ్యుడి కుటుంబం నుంచి అభ్యర్థి నిలిచినప్పుడు పోటీ పెట్టకూడదన్న ఆనవాయితీని పాటిస్తూ తెలుగుదేశం పార్టీ దూరంగా ఉండిపోయింది. విక్రమ్‌రెడ్డికి 1,02,241 ఓట్లు, రెండో స్థానంలో నిలిచిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థికి 19,353 ఓట్లు వచ్చాయి. తేడా 82,888. రికార్డు మెజారిటీ, అఖండ మెజారిటీ అన్న శీర్షికలకు ఇంతకన్నా అనువైన అంకె దొరకదు. అన్న సాధించిన ఓట్లతో పోలిస్తే తమ్ముడికి అదనంగా వచ్చినవి మాత్రం 9,483 ఓట్లే. తేడా అరవై వేలకు పైగా పెరిగి దాదాపు నాలుగింతలు కావడానికి ప్రధాన కారణం ఎదుటి పక్షాన 2019లో డెబ్బై వేల ఓట్లు తెచ్చుకున్న పార్టీ ఈసారి బరిలో లేకపోవడమే. దీన్ని రాసేటప్పుడు ప్రధాన ప్రతిపక్షం పోటీలో లేదన్న అర్ధవాక్యం జోడించకపోతే, అంకె నిజమైనదైనా చిత్రం నిజమైనది కాదు.

ఇలాంటి అంకెలు తెలుగునాట ఇంతకుముందూ ఉన్నాయి. 1991లో నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దాదాపు 5.8 లక్షల ఓట్ల తేడాతో గెలిచినప్పుడు, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. వెలిగొండలకు అవతలి పక్కనున్న బద్వేలులో 2021 ఉపఎన్నికలోనూ తెలుగుదేశం పోటీ చేయకపోగా, తేడా తొంభై వేలు దాటింది. ఆ గెలుపులను చిన్నబుచ్చవలసిన పనిలేదు. కానీ వాటిని హోరాహోరీ పోటీల పక్కన పెట్టి మెజారిటీల జాబితా తయారుచేయడం పద్ధతి కాదు. పైగా లోక్‌సభ స్థానంలో ఓటర్లు పదిహేను లక్షల దాకా ఉంటే శాసనసభ స్థానంలో రెండు లక్షల చిల్లర ఉంటారు కాబట్టి, నంద్యాలనూ ఆత్మకూరునూ ఒకే పట్టికలో పెట్టడం అసలే కుదరదు. తేడాను పోలైన ఓట్లలో శాతంగా చెబితే కొంతవరకు పోలిక సాధ్యమవుతుంది. ఆత్మకూరు ఉపఎన్నికలో ఆ తేడా పోలైన ఓట్లలో దాదాపు అరవై శాతం.

ఇక సగానికి మించినది అన్న రెండో అర్థానికి వస్తే, వెంటనే అడగవలసిన ప్రశ్న దేనిలో సగం అన్నది. ఆత్మకూరు ఉపఎన్నిక నాటికి ఓటర్ల జాబితాలో సుమారు 2.13 లక్షల పేర్లు ఉండగా, ఓటు వేసినవారు సుమారు 1.37 లక్షల మంది. విక్రమ్‌రెడ్డికి వచ్చిన ఓట్లు పోలైనవాటిలో నాలుగింట మూడు వంతులకు చేరువగా ఉన్నాయి గనుక ఓటు వేసినవారిలో ఆయనకు తిరుగులేని మెజారిటీ ఉంది. అదే సంఖ్యను మొత్తం ఓటర్లతో పోలిస్తే నూటికి నలభై ఎనిమిది మాత్రమే, అంటే సగం కన్నా కొంచెం తక్కువ. కాబట్టి ఆత్మకూరు ఓటర్లలో మెజారిటీ ఆయనకు ఓటు వేశారన్న వాక్యం సరికాదు, ఓటు వేసినవారిలో మెజారిటీ అన్న వాక్యం సరైనది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది రెండు మాటల తేడా మాత్రమే గానీ, డెబ్బై అయిదు వేలకు పైగా ఓటర్లు ఇంటివద్దే ఉండిపోయారన్న సంగతి ఆ రెండు మాటల వెనకే ఉంది.

ఇక్కడే మరో గందరగోళాన్ని కూడా ప్రస్తావించాలి. తెలుగు వార్తల్లో 'ఓటింగ్ శాతం' అన్న మాటను జాబితాలోని ఓటర్లలో ఎంతమంది ఓటు వేశారన్న అర్థంలోనూ, పార్టీకి వచ్చిన ఓట్ల వాటా అన్న అర్థంలోనూ వాడేస్తున్నారు. మొదటిదానికి పోలింగ్ శాతం అని, రెండోదానికి ఓట్ల శాతం అని విడిగా రాయడం తేలిక, తెలుగు పాఠకుడికి రెండూ తెలిసిన మాటలే. పోలైన ఓట్లు, చెల్లిన ఓట్లు కూడా ఒకటి కావు. పోస్టల్ బ్యాలెట్లలో కొన్ని తిరస్కరణకు గురవుతాయి. ఎవరికీ ఓటు వేయనని చెప్పే నోటా మీట నొక్కినవి పోలైన లెక్కలోకి వస్తాయి గానీ అభ్యర్థుల డిపాజిట్ తేల్చే చెల్లిన ఓట్ల లెక్కలోకి రావు. నోటా 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. అందరికంటే ఎక్కువ ఓట్లు నోటాకే పడినా గెలుపు మాత్రం అభ్యర్థుల్లో ముందున్నవారిదే. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతుకు మించి రావాలి. ఆత్మకూరు ఉపఎన్నికలో ఆరోవంతు ఇరవై రెండు వేల చిల్లర కాగా, రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికి 19,353 ఓట్లే రావడంతో డిపాజిట్ గల్లంతైంది. రెండో స్థానం దక్కడానికీ డిపాజిట్ దక్కడానికీ సంబంధం లేదన్నమాట.

ముందు నిలిచినవారిదే గెలుపు అన్న పద్ధతికీ, సగం దాటితేనే గెలుపు అన్న పద్ధతికీ ఉన్న భేదం ఒకే మనిషి రాజకీయ జీవితంలో కనిపించాలంటే ఉదయగిరి వైపు చూడాలి. నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన ముప్పవరపు వెంకయ్యనాయుడు 1978లో జనతా పార్టీ అభ్యర్థిగా ఉదయగిరి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1983లో రాష్ట్రమంతటా తెలుగుదేశం ప్రభంజనం వీచినా, భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా మళ్లీ అక్కడి నుంచే గెలిచారు. ఆ రెండుసార్లూ ఆయన గెలవడానికి కావలసింది బరిలో ఉన్న ప్రతి ఒక్కరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకోవడం మాత్రమే. 2017 ఆగస్టు 5న ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు నియమం వేరు. రాజ్యాంగంలోని 66వ అధికరణం ప్రకారం ఆ ఎన్నిక ఒక్క ఓటు బదిలీ పద్ధతిలో జరుగుతుంది. ఓటరు, అంటే పార్లమెంటు సభ్యుడు, అభ్యర్థుల ఎదుట 1, 2, 3 అని తన ఇష్టాన్ని వరుసగా రాస్తాడు. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపిన సంఖ్యను కోటా అంటారు, దాన్ని అందుకున్నవారే ఎన్నికవుతారు, మొదటి లెక్కింపులో ఎవరూ అందుకోకపోతే అడుగున ఉన్నవారిని తప్పించి వారి ఓట్లను రెండో ఇష్టం ప్రకారం బదిలీ చేస్తారు. ఆ రోజు 771 ఓట్లు పోలయ్యాయి, 11 చెల్లలేదు, మిగిలిన 760లో కోటా 381. వెంకయ్యనాయుడికి 516, గోపాలకృష్ణ గాంధీకి 244 ఓట్లు వచ్చాయి. అందువల్ల ఆయనకు మెజారిటీ వచ్చింది అన్నా నిజమే, 272 ఓట్ల మెజారిటీ వచ్చింది అన్నా నిజమే. మొదటిది రాజ్యాంగం కోరిన షరతు, రెండోది కేవలం లెక్క.

ఇదే ప్రాంతం స్వతంత్ర అభ్యర్థులను కూడా సభకు పంపింది. 1994లో ఉదయగిరి నుంచి కంభం విజయరామిరెడ్డి, 2004లో ఆత్మకూరు నుంచి కొమ్మి లక్ష్మయ్యనాయుడు ఏ పార్టీ గుర్తూ లేకుండానే గెలిచారు. బహుముఖ పోటీల్లో వచ్చే ఇలాంటి గెలుపుల గురించి రాసేటప్పుడు 'మెజారిటీ ప్రజల తీర్పు' అన్న మాటను కలం ముందుకు రానివ్వకుండా, ఆ అభ్యర్థికి అత్యధిక ఓట్లు వచ్చాయని రాస్తే ఏ లెక్కకూ భంగం రాదు. ఓట్లలో సగం దాటారో లేదో చూసుకున్న తరువాతే మెజారిటీ ప్రజలు అనాలి. ఈ జాగ్రత్త రాష్ట్రం మొత్తానికీ వర్తిస్తుంది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ 175 స్థానాల్లో 151 గెలుచుకుంది. సభలో మెజారిటీకి 88 చాలు కాబట్టి అది బ్రహ్మాండమైన మెజారిటీ. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 49.95 శాతం, అంటే సగానికి వెంట్రుకవాసి తక్కువ. 2024లో తెలుగుదేశం 135 స్థానాలు గెలుచుకోవడానికి సరిపోయిన ఓట్లు సుమారు 45.6 శాతం, ఆ ఎన్నికల్లో పార్టీ పొత్తులో పోటీ చేసి కొన్ని స్థానాలను మిత్రులకు వదిలిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. సీట్ల మెజారిటీనీ ఓట్ల మెజారిటీనీ ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి రాయడం గెలిచిన పార్టీ పత్రికకు సౌకర్యంగా ఉండవచ్చు, పాఠకుడికి మాత్రం అది అన్యాయం.

సభలోపల ఈ మాట మరింత కచ్చితంగా నడుస్తుంది. సాధారణ తీర్మానానికి హాజరై ఓటు వేసిన సభ్యుల్లో సగానికి మించితే చాలు. సభాపతి మొదట ఓటు వేయరు, ఓట్లు సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు వేస్తారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో పడిపోయింది ఈ లెక్కలోనే. రాజ్యాంగ సవరణ వంటి విషయాలకు రెండు షరతులు కలిసి ఉంటాయి: సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. శాసనమండలి రద్దు కోరే తీర్మానానికి కూడా 169వ అధికరణం ఇవే షరతులు పెట్టింది. 2020 జనవరి 27న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మండలి రద్దు తీర్మానాన్ని 133 ఓట్లతో ఆమోదించినప్పుడు, వ్యతిరేకంగా ఓట్లు లేనందున రెండో షరతు తేలిగ్గా నెరవేరింది. 133 అన్నది 88కి మించినందున మొదటిదీ నెరవేరింది. 2021 నవంబరులో ప్రభుత్వం ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, మండలి నిలిచింది. మూడింట రెండు వంతుల మెజారిటీ అని మాత్రమే రాసి వదిలేసే విలేకరి, ఆ వంతులు సభ మొత్తానివా, ఆనాడు ఓటు వేసినవారివా అన్నది చెప్పకపోతే సగం వార్తే రాసినట్టు.

ఇతర దేశాల్లో సగం దాటాలన్న షరతును నేరుగా ఓటరు ముందే పెట్టిన పద్ధతులున్నాయి. ఫ్రాన్సులో అధ్యక్ష పదవికి మొదటి విడతలో ఎవరికీ సగం దాటి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత జరుగుతుంది. శ్రీలంకలో ఓటరు రెండో, మూడో ఇష్టాలను కూడా గుర్తించవచ్చు; 2024 అధ్యక్ష ఎన్నికలో అక్కడ మొదటిసారిగా ఆ రెండో ఇష్టాలను లెక్కించవలసి వచ్చింది. అలాంటి చోట్ల మెజారిటీ లేకుండా గెలిచారు అన్న వాక్యానికి తావు తక్కువ. భారతదేశంలో అది నిత్యం జరిగేదే గనుక, ఆ మాటను వాడేటప్పుడు ఇక్కడి రచయితకు జాగ్రత్త కొంచెం ఎక్కువ కావాలి.

తెలుగులో అవసరమైన మాటలకు కొదవ లేదు. ఇద్దరి మధ్య అంతరాన్ని తేడా అని గానీ ఆధిక్యం అని గానీ అనవచ్చు. ఫలానావారిపై ఇన్ని ఓట్ల ఆధిక్యంతో అని రాస్తే ఎవరి మీద అన్న ప్రశ్నకు వాక్యంలోనే జవాబు దొరుకుతుంది. లెక్కింపు సాగుతుండగా రౌండ్లవారీగా ముందున్నవారిని గురించి ఆధిక్యంలో ఉన్నారనడం, తుది ఫలితం వచ్చాక మెజారిటీ అనడం కొన్ని పత్రికలు పాటిస్తున్న మంచి విభజన. సగం దాటిన సందర్భంలో సగానికి మించి అని తేటగా రాయవచ్చు. మెజారిటీ అన్న మాటను పూర్తిగా వెలివేయాలన్న పట్టుదల మాత్రం అనవసరం. వింజమూరులోనైనా అనంతసాగరంలోనైనా ఎన్నిక ముగిసిన సాయంత్రం జనం ఒకరినొకరు అడిగేది ఎంత మెజారిటీ అనే. ఆ మాట ఉండనివ్వవచ్చు, దాని పక్కన మరో రెండు అంకెలు ఉంటే చాలు: గెలిచినవారికి వచ్చిన ఓట్లు, పోలైన మొత్తం ఓట్లు. అఖండ, చారిత్రక, కనీవినీ ఎరుగని వంటి విశేషణాలు ఆ రెండు అంకెలకు ప్రత్యామ్నాయం కావు.

2024 ఎన్నికల్లో ఆత్మకూరులో తెలుగుదేశం మళ్లీ బరిలోకి దిగింది. ఆ పార్టీ అభ్యర్థి ఆనం రామనారాయణరెడ్డికి 91,165 ఓట్లు, విక్రమ్‌రెడ్డికి 83,589 ఓట్లు వచ్చాయి. 82,888 ఓట్ల తేడాతో గెలిచినవారు రెండేళ్లకు 7,576 ఓట్ల తేడాతో ఓడిపోయారన్నప్పుడు నియోజకవర్గమంతా తలకిందులైనట్టు అనిపిస్తుంది. ఆయనకు తగ్గిన ఓట్లు 18,652. మిగిలిన మార్పంతా 2022లో పోటీలో లేని పార్టీ ఓట్లు తిరిగి లెక్కలోకి రావడం వల్ల, పోలింగ్ పెరగడం వల్ల వచ్చినదే. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫారం 20 అనే తుది ఫలితాల పట్టికను రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతారు. ఉదయగిరి, ఆత్మకూరు పాఠకులు అందులో తమ ఊరి కేంద్రాల వరుసను వెతికి పట్టుకుని, పత్రికలో చదివిన మెజారిటీని ఆ అంకెలతో ఒకసారి సరిచూసుకోవాలి.